తోస్తే పట్టని బ్రేకు

“నేనే చంపినా, నాగసుబ్బన్నా. పోలీసోళ్ళను రాసుకోమను.”

శనివారం పన్నెండూ నలభైకి నేను గని మీద కాలు పెట్టగానే కంబన్న అన్న మొదటి మాట ఇది. వాడి పెళ్ళాం టెలిగ్రాం అందిన గంటలో కర్నూల్లో బస్సెక్కి, కడపలో ఇంకో బస్సు మారి, ఒళ్ళు హూనం చేసుకుని వచ్చిన మనిషికి ఇదా స్వాగతం? రెండు చెంపలూ వాయించాలనిపించింది. కానీ వాడి చేతులకు బేడీలున్నాయి. బేడీల గొలుసు గుంత అంచున పాతిన లీవరు కంబానికి కట్టి ఉంది. అట్లాంటివాణ్ణి ఏం కొడతాను?

“నోరు మూసుకో. అడిగినప్పుడే మాట్లాడు,” అన్నాను.

నా పేరు నాగసుబ్బయ్య. కర్నూలు రాజధాని అయిన ఏడాదే అక్కడ ప్రైవేటు డిటెక్టివు బోర్డు కట్టాను. అంతకుముందు ఆరేళ్ళు మిలిటరీ వర్క్‌షాపులో లారీల కింద వెల్లకిలా పడుకుని బతికాను. నా పక్కన పడుకుని నట్లు బిగించినవాడు ఈ కంబన్నే. ఇప్పుడు వేంపల్లె దగ్గరి ఈ ముగ్గురాయి గనిలో, గుంతలోకి తొట్టిని దించే వించి నడుపుతున్నాడు.

గురువారం పొద్దున ఏడూ పదికి ఆ తొట్టి తాడు తెగిన చేదలా గుంతలోకి పడిపోయింది. నూట ఇరవై అడుగులు. అందులో నాలుగు దుంగలతో దిగుతున్న మేస్త్రీ రంగన్న అక్కడికక్కడే చచ్చిపోయాడు. రంగన్న కంబన్నకు బావమరిది.

“నిన్న తమ్ముణ్ణి మట్టిలో పెట్టినా అన్నా,” అంది మద్దమ్మ. కంబన్న పెళ్ళాం. గడ్డపార గుచ్చి ఉన్న రాళ్ళకుప్ప పక్కన కూలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “ఈ పొద్దు మొగుణ్ణి ఉరికిమ్మంటాండారు. ఈ మనిషేమో అడిగినోళ్ళకంతా నేనే చంపినా అంటాడు. ఇంగ నాకెవురుండారు? నువ్వన్నా చెప్పన్నా.”

“చెప్పడానికి ఏముందమ్మా? మూడింటికి జీపు బయలుదేరుతుంది. కడపలో మేజిస్ట్రేటు గారి ముందు ఒప్పుకుంటాడు. అంతే.”

ఈ మాటలు ఇన్‌స్పెక్టర్ తిమ్మయ్యవి. ఆయనా నేనూ పాత చుట్టాలం. రెండేళ్ళ కిందట ఆయన పట్టుకున్న మనిషిని నేను విడిపించాను. అప్పటినుంచి నా మొహం చూస్తే ఆయనకు పథ్యం కూడు తిన్నట్టుంటుంది.

“ఏమయ్యా నాగసుబ్బయ్యా, అనవసరంగా బస్సు చార్జీలు దండగ చేసుకున్నావు,” అన్నాడు. “ఆయుధపూజ నాడు బావ, బావమరిది కొట్లాడుకున్నారు. నలుగురు కూలీలు చూశారు. గురువారం పదకొండింటికి సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ముందు లీవరు నేనే ఆడించి చూశాను. లాగితే తొట్టి దిగింది, తోస్తే ఆగింది. యంత్రంలో లోపం లేదు. ఇంక లోపం ఎక్కడుంది? పట్టుకున్న చేతిలో ఉంది.”

“లోపం ఉంటే మీకు తెలుస్తుందా?”

“యంత్రం కట్టింది మీవాడేగా. చెడగొట్టడం తెలిసినవాడూ వాడే.”

నిజమే, కట్టింది వాడే. అంతకుముందు వించి దగ్గర నిలబడినవాడికి గుంత కనబడేది కాదు. కేకలు విని బ్రేకు వేసేవాళ్ళు. ముప్పై అడుగుల దూరం నుంచి బ్రేకును ఆడించేందుకు కంబన్న లారీల్లో మేం చూసిన పద్ధతినే పెద్దది చేశాడు. బయట చుట్టలు చుట్టిన ఇనుప తొడుగు, దాని లోపల ఒక తీగ. గుంత అంచున లీవరు వెనక్కి లాగితే, తీగ లాగి, అవతల షెడ్డులో బ్రేకు పట్టీ వదులవుతుంది. ముందుకు తోస్తే, తీగ తోసి, పట్టీ బిగుస్తుంది. ఇంజను ఆపేసి, మనుషుల్ని ఆ బ్రేకు మీదే దించుతారు.

నేను కంబన్న ముందు గొంతుక్కూర్చున్నాను.

“గురువారం ఏం జరిగింది? నీ పశ్చాత్తాపం నాకొద్దు. నీ చెయ్యేం చేసిందో చెప్పు.”

“లాగినా. తొట్టి దిగింది. ఇరవై అడుగులు పోయినాక నిదానిద్దామని తోసినా. పట్టలా. మళ్ళా తోసినా. పట్టలా.”

“లీవరు బిగుసుకుందా?”

“ల్యా. మెత్తగా పోయింది. శానా మెత్తగా. నా చేతిలో లీవరు పోతాండాది, ఆడ బ్రేకు పట్టల్యా.” వాడు గుంతలోకి చూశాడు. “రంగడు ‘బావా’ అని ఒకసారి అరిచినాడు. నా చేతి పనే వాణ్ణి మింగిందన్నా. ఇంగ నేనెవుర్ని అనాల?”

“ఒకసారి తోసి చూపించు.”

“ముట్టను. సచ్చినా ఆ లీవరు ముట్టను.”

వాడు మొహం తిప్పేసుకున్నాడు. నాకు మాత్రం ‘మెత్తగా’ అన్న ఒక్క మాట చెవిలో పడి తిరుగుతోంది. గడియారం చూసుకున్నాను. ఒంటిగంటకు పది నిమిషాలు.

షెడ్డు తాళం తీసినవాడు ఓవర్సీరు చెన్నకేశవులు. తెల్లటి పంచె, మొలకు వేలాడే వెండి సున్నపుకాయ, బుగ్గన ఆకువక్క. ఊసినప్పుడల్లా చేతిలోని రేకుడబ్బాలోనే ఊస్తున్నాడు. అది చూసి నాకు కడుపు మండింది. గేటు దగ్గర నా ఆకువక్క పొట్లం కాపలావాడు లాగేసుకున్నాడు మరి. ముగ్గురాయి పాలలా తెల్లగా ఉండాలట. ఒక్క ఎర్రమరక పడితే మద్రాసు కొనుగోలుదారు రకం తగ్గిస్తాడట. అందుకని ఈ గని మీద ఓవర్సీరు తప్ప ఒక్క పురుగు కూడా ఆకు నమలకూడదు. పెద్దదొరకో న్యాయం, మనకో న్యాయం.

“షెడ్డు తాళంచెవులు ఎన్ని?” అన్నాను.

“రెండు సార్. ఒకటి నా కాడ, ఒకటి కంబన్న కాడ. మంగళవారం పూజ అయినాక మూసినాము. బుధవారం సెలవు. నేను ఒంటిమిట్టకు పోయినా, సామి దర్శనానికి. గురువారం పొద్దన తెరిసింది కంబన్నే.”

“రెండే తాళంచెవులు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి, వేళ్ళు చూపిస్తూ. “ఒకరేమో దేవుడి దగ్గరున్నారు.”

నేను తీగ పొడుగునా మోకాళ్ళ మీద పాకాను. కంబన్న పని చూస్తే ముద్దొచ్చింది. తొడుగును మూడడుగులకొక చోట నట్టుతో బిగించాడు. తొడుగు కదిలితే తోపు తొడుగుకే పోతుంది, తీగకు పోదు. ముప్పై అడుగులకూ రెండే వంపులు. అవి కూడా బండిచక్రమంత విశాలంగా ఉన్నాయి. ఇంత తెలిసినవాడి బ్రేకు ‘మెత్తగా’ పోవడమేమిటి?

నట్ల మీద ఆయుధపూజ బొట్లు ఎండి అంటుకుని ఉన్నాయి. సగం నట్టు మీద, సగం కింది రేకు మీద. నట్టు తిప్పితే బొట్టు చీలిపోవాలి. లెక్కపెట్టాను. మొత్తం పదకొండు. ఏ ఒక్కటీ చీలలేదు. కానీ తొమ్మిది బొట్లు పసుపుపచ్చగా ఉన్నాయి. రెండు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆ రెండూ తీగ రెండు కొసలను పట్టుకునే నట్లు.

“మద్దమ్మా!” అని కేకేశాను. “ఈ బొట్లు ఎవరు పెట్టారు?”

“నేనే అన్నా. అన్నింటికీ వట్టి పసుపే పెట్టినా. కుంకం ఇంజను మొగానికి ఒకటే పెడతాము.”

“ఖచ్చితంగా?”

“నా తమ్ముని మీద ఒట్టు. పెట్టి, పన్నెండు కాకముందే మేము ఇంటికి పోతిమి.”

“కుంకం పళ్ళెం శెట్టిగారి చేతిలోనే ఉన్నింది సార్,” అన్నాడు చెన్నకేశవులు వినయంగా. “యజమాని గదా. ఇంగెవురూ ముట్టలా.”

గని యజమాని శెట్టి అప్పటికే మద్రాసు వెళ్ళిపోయాడు. ఆ సంగతి మనసులో రాసుకున్నాను. తడిపిన చేతిరుమాలుతో ఒక పసుపు బొట్టును తుడిచి తీసుకుని, పానా అందుకుని రెండు ఎర్రబొట్ల నట్లూ విప్పాను. తీగ బయటికి లాగాను.

ఒంటి తీగ కాదది! పేనిన తీగ. సన్నటి పోగులు ఏడు కలిపి తాడులా పేనినది.

“ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి. తాడు కట్టి ఎద్దును లాగగలరా?”

“లాగుతాను.”

“అదే తాడు పెట్టి ఎద్దును నెట్టండి చూద్దాం.”

ఆయన కనుబొమలు ముడిచాడు. “మాటలొద్దు. గురువారం నేను తోస్తే ఆగింది.”

“తొట్టిలో ఏముంది?”

“ఖాళీ తొట్టి.”

“ఖాళీ తొట్టికి చిటికెనవేలి తోపు చాలు. గురువారం పొద్దున అందులో మనిషి ఉన్నాడు, నాలుగు దుంగలున్నాయి. ఒంటి తీగైతే కర్రలా తోస్తుంది. ఇది లోపలే మడతలు పడి కూర్చుంటుంది. రాళ్ళు వేయించండి. మీ చేత్తోనే తోయండి.”

ఆ తీగనే మళ్ళీ బిగించాను. కానిస్టేబులు, కాపలావాడు, నేను చెమటలు కక్కుతూ తొట్టి నింపాం. ఇన్‌స్పెక్టర్ లీవరు లాగాడు. తొట్టి దిగింది. ఇరవై అడుగుల దగ్గర తోశాడు. రెండు చేతులతో తోశాడు. టోపీ ఎగిరి పడేలా తోశాడు. లీవరు మెత్తగా ముందుకు వాలింది, తొట్టి మాత్రం రయ్యిన వెళ్ళి అడుగున బద్దలైన చప్పుడు వచ్చింది.

మద్దమ్మ చెవులు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ తన అరచేతులు చూసుకుంటూ నిలబడిపోయాడు.

“అది నా తీగ కాదా?” కంబన్న మొదటిసారి తలెత్తాడు. “అన్నా, నిజం చెప్పు. నేనేసిన ఒంటి తీగ కాదా అది?”

“కాదురా. నీ తీగ ఎవడో పీకేశాడు. నీ పని రంగన్నను చంపలేదు.”

వాడు బేడీల చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మూడు రోజుల ఏడుపు అది. నాకూ కళ్ళు చెమర్చాయి. చెమటని తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఇంకా మొండిగానే ఉన్నాడు. “తీగ మారింది, ఒప్పుకుంటాను. మార్చిందెవరు? తాళంచెవి ఉన్నవాడు, పని తెలిసినవాడు. ఇప్పటికీ వేలు వీడివైపే చూపిస్తోంది. ఇంకెవరికైనా రంగన్నను చంపాల్సిన అవసరం ఏముంది?”

“ఎందుకు ల్యా?” మద్దమ్మ లేచి నిలబడింది. “వైశాఖంలో కింద సొరంగం కూలి ఒక కూలోడు లోపలే పాయ. తవ్వకుండా అడ్డం రాళ్ళు పేర్చి, ఊరిడిసి పారిపాయ అని హాజరుపట్టీలో రాసినారు. నా తమ్మునికి తెలుసు. వచ్చే సోమవారం గనుల ఆఫీసరు వస్తే సూపిస్తానన్యాడు. మనకెందుకప్పా, కూడు పోతాది అని ఈ మనిషి అడ్డం పడ్యా. పూజ నాటి కొట్లాట అదే సామీ!”

“ఈ మాట ముందే చెప్పొద్దా?”

“మీరడిగితే గదా!”

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. రెండూ పది. కింద శవం ఉంటే కేసు తిరగబడుతుంది. లేకపోతే మూడింటికి జీపు కదులుతుంది. “ఇప్పుడే దిగి చూస్తాను,” అన్నాడు. మొండివాడే గానీ, పిరికివాడు కాడు. అది నేను కాదనలేను. కాపలావాణ్ణి మళ్ళీ గేటుకు పంపి, కానిస్టేబుల్‌ను మధ్యవర్తుల కోసం వేంపల్లెకు తోలాడు.

కంబన్న పెట్టెలో ఒంటి తీగ ఇంకొకటి ఉంది. వాడు గొలుసు దగ్గరినుంచి చెప్తుంటే నేను ఎక్కించాను. ఇంకో తొట్టి కట్టి, రాళ్ళు నింపి తోసి చూస్తే గోడకు కొట్టినట్టు ఆగింది. షెడ్డుకు తాళం వేసి ఇన్‌స్పెక్టర్ రెండు తాళంచెవులూ జేబులో వేసుకున్నాడు.

“లీవరు కంబన్న పట్టుకోవాలి,” అన్నాను. “ఆ చేతికి దాని సంగతి తెలుసు.”

“హత్య కేసు ముద్దాయి చేతికి నా ప్రాణం ఇవ్వమంటావా? తెలివుందా నీకు?”

“నేను పట్టుకుంటా లెండి సార్,” అన్నాడు చెన్నకేశవులు. “పాత వించి నేనే నడిపేవాణ్ణి.” ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి ఇన్‌స్పెక్టరుకు అందించాడు. “కింద దుమ్ము సార్. గొంతు ఎండకుండా ఉంటాది.” ఇన్‌స్పెక్టర్ సున్నం ఎక్కువైందని వేలితో కొంచెం గీకేసి నోట్లో పెట్టుకున్నాడు. నా వంక మాత్రం చూడనైనా చూడలేదు ఆ ఓవర్సీరు.

ఇద్దరం తొట్టి ఎక్కాం. నేను లాంతరు పట్టుకున్నాను. తొట్టి సాఫీగా దిగింది. పది అడుగులు, ఇరవై, నలభై. పైన ఆకాశం పళ్ళెమంత అయ్యింది.

“ఆ పసుపు తుడిచిన రుమాలు ఇటియ్యి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “సాక్ష్యం నా దగ్గరుండాలి. నీ జేబులో కాదు.”

చిరాకుపడుతూనే ఇచ్చాను. ఆయన మడత విప్పి, లాంతరు దగ్గర పట్టుకుని వేలితో పసుపు మీద రుద్దాడు.

పసుపు ఎర్రబడింది.

ఇద్దరం దానివంకే చూశాం. ఆయన వేలికంటిన సున్నం పసుపుకు తగిలింది. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రనవుతుందని ఏ ఇంట్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. నేను మాత్రం ఆ నట్ల మీద కుంకుమ అనుకున్నాను. శెట్టి పళ్ళెం అనుకున్నాను. వాడు ఎటు తిప్పితే అటు తిరిగాను. ఛీ, నా బతుకు!

“అది కుంకుమ కాదండీ,” అన్నాను. “నట్లు విప్పినవాడు పూజ పళ్ళెంలోని పసుపే మళ్ళీ పెట్టాడు. వాడి వేలికి సున్నముంది. మంగళవారం అందరూ పోయాక చివరగా తాళం వేసినవాడు, కూలీల హాజరు రాసేవాడు. ఈ గని మీద ఆకు వేసేది ఎవరు?”

ఇన్‌స్పెక్టర్ నోట్లోని ఆకు నమలడం ఆపేశాడు.

“చెన్నకేశవులా?”

గట్టిగా అనేశాడు. గుంతలో మాట పైకే పోతుంది. తొట్టి ఆగింది. మేం అరవై అడుగుల లోతున ఉన్నాం. పైన పళ్ళెమంత వెలుతురులో ఒక తల వంగి మమ్మల్ని చూసింది. దవడ నెమ్మదిగా ఆడుతోంది. తర్వాత తల వెనక్కి పోయింది. నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇద్దరం ఒకే తొట్టిలో ఉన్నాం. దొంగ చేతికి తాళమిచ్చి మరీ దిగాం.

“కంబన్నా!” నా ఊపిరితిత్తులు చిట్లేలా అరిచాను. “లీవరు తొయ్! తొయ్‌రా!”

కాళ్ళ కింద తొట్టి జారిపోయింది. లాంతరు ఎగిరి పోయింది. ఇన్‌స్పెక్టర్ నా చొక్కా పట్టుకున్నాడు. ఒక్క కుదుపుతో ఆగాం. మళ్ళీ జారాం. మళ్ళీ ఆగాం. పైన ఒకడు లాగుతున్నాడు, ఒకడు తోస్తున్నాడు. ఆ లాగుడూ తోపుడూ మా ఎముకల్లో తెలుస్తున్నాయి. గొలుసు గలగలమంది. ఎవరో పడ్డారు. తొట్టి ఈసారి గోడకు కొట్టినట్టు ఆగింది. ఆగి, కదల్లేదు.

“పట్టింది!” కంబన్న గొంతు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియదు. “నాగసుబ్బన్నా, పట్టింది! నా తీగ పట్టింది!”

“వదలొద్దురా!”

“ఇడువను. సచ్చినా ఇడువను!”

ఇన్‌స్పెక్టర్ చీకట్లో తడుముకుంటూ బేడీల తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. “ఇది వాడికివ్వు,” అన్నాడు, పిచ్చివాడిలా. ఇంత లోతునుంచి ఎలా ఇస్తాను?

అప్పుడే పైన పరుగెత్తిన అడుగులు. కొంచెం సేపటికి ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. ఒకటి. రెండు. మూడు.

“షెడ్డు తాళం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పగలగొడుతున్నాడు.”

తీగకు రెండు కొసలు. ఒక కొస కంబన్న పట్టుకున్నాడు. రెండో కొసన ఒక్క నట్టు విప్పితే చాలు, మా పని అయిపోతుంది. వాణ్ణి ఆపడానికి కంబన్న లీవరు వదిలినా అంతే. గొలుసు వదిలించుకోవడానికి తాళంచెవి నా గుప్పిట్లో ఉంది.

“మద్దీ!” కంబన్న అరుస్తున్నాడు. “మద్దీ, వాడు ఆడికి పాయ!”

“నువ్వు పట్టు ఇడువాకు,” అంది మద్దమ్మ. ఏడ్చి ఏడ్చి పోయిన గొంతు ఇప్పుడు కంచులా ఉంది. “నా తమ్మునికి బదులు నేను పోతాండా.”

రాళ్ళకుప్ప పక్కనున్న గడ్డపార షెడ్డు వైపు నేల మీద ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు అంత లోతున ఉన్న మాకు కూడా స్పష్టంగా వినబడింది.